పెరటినుండి యింటిలోనికి

తెలుగున "దొడ్డికి పోవుట" యను పలుకుబడి కలదు. దొడ్డి యనగా నింటి వెనుకటి ఖాళీస్థలము, పసులను కట్టుచోటు. పనిపేరు చెప్పుటకు సిగ్గుపడి మనవారు చోటిపేరు చెప్పిరి; చెప్పగా చెప్పగా చోటిపేరే పనిపేరయ్యెను. తరువాత నా చోట నాలుగు గోడలు లేచినపుడు మరుగుదొడ్డి యనిరి. పాయిఖానా పారసీకము; కక్కసు అనునది డచ్చివారి మాట యఱవమువారి నోట నలిగి మనకు వచ్చినదని భాషావేత్తలు చెప్పుదురు. మన సొంతమాట మాత్ర మింటి వెలుపలనే నిలిచియున్నది. నేడు మూడవ యంతస్తులో, పడకగది ప్రక్కనున్న నాలుగడుగుల గదిలోనికి పోవువాడును దొడ్డికే పోవుచున్నాడు.

ఆ చోటు పెరటినుండి యింటిలోనికి కదలివచ్చిన కథను మేమీ వ్యాసమున చెప్పబూనితిమి. ఇది మాసపత్రికలో వ్రాయదగిన విషయమా యని ముక్కు మూసికొను చదువరులుందురు. ముక్కు మూసికొన్నవారే దీనిని కట్టించుచు వచ్చిరి గనుకనే మన యిండ్లలో నిది చిరకాల మట్లున్నదని మా యభిప్రాయము.

ఈ విచారము మాకు పుస్తకములవలన కలిగినది కాదు. 2018వ సంవత్సరపు శ్రావణమాసమున, రాజమహేంద్రవరములోని మా పాతయింట, మా తల్లిగారు రాత్రివేళ వానలో పెరటికి పోవుచు నాచుపట్టిన ఱాతిమీద జాఱిపడి తుంటియెముక విఱుగగొట్టుకొనిరి. అప్పటి కామెకు డెబ్బదియెనిమిదేండ్లు. వంటింటి గడపనుండి మరుగుదొడ్డి తలుపువఱకు నలువది యడుగులు. పగలైనచో లెక్కకు రాని దూరము. ఆసుపత్రినుండి తెచ్చిన పిమ్మట, ఇంటిలోని స్నానపుగదిలోనే యొక కమోడు అమర్పింతుమని మేమనగా నామె యొప్పుకొనలేదు. "దేవుడి గది గోడకి ఆనించి అది పెట్టిస్తార్రా? మంచం మీదే పోతాను గాని ఆ పాపం నాకొద్దు" అని ముఖము గోడవైపునకు త్రిప్పుకొనిరి. మా యన్నగారు వాస్తుపుస్తకము తీసిరి. ఇంటిల్లిపాదియు పదిదినములు వాదించుకొంటిమి. వాదము తెగకపోవుటచే పెద్దలేమనిరో చూతమని మేము పుస్తకములకడకు పోయితిమి.

మనుస్మృతి నాలుగవ యధ్యాయము మూత్రమును, కాళ్లు కడిగిన నీటిని, ఎంగిలిని నివాసమునకు దూరముగా విడువుమనుచున్నది. విష్ణుపురాణము దూరమును కొలిచియే యిచ్చినది: నైరృతిదిక్కున బాణము పడునంత మేర దాటి పోవలెనట. గొట్టములు లేని కాలమున, బయలు విస్తారముగానున్న పల్లెలో, ఇంతకంటె మంచి సలహా యెవడును చెప్పజాలడు. అయితే ఊరు పెరిగి బయలు తఱిగినపుడు మనవారు చేసినదేమి? బాణపుదూరమును నలువది యడుగులకు కుదించి, ప్రహరీలోపలనే గది కట్టి, అందు తట్ట పెట్టి, ఆ తట్టను మోయుట కొక కులమును నియమించిరి. నేలమీద కొలువవలసిన దూరమును మనుష్యులమధ్య కొలిచిరి. ఇట్లు చేయుమని పైరెండు గ్రంథములలో నెచ్చటను లేదు.

ఇంటిలోపల నిట్టి యేర్పాటుండుట పరదేశపు దురాచారమనువారు సింధునదీతీరమున మొహెంజొదారో పట్టణమును చూడవలెను. 1922లో త్రవ్వకములు మొదలైన యీ పట్టణము సుమారు నాలుగువేల యైదువందల యేండ్లనాటిది. అచ్చట నించుమించు ప్రతి పెద్దయింటను స్నానపుగది కలదు. కొన్ని యిండ్లలో మరుగుదొడ్లును కలవు. ఇటుకలను సందులేకుండ పేర్చి, నీరొక మూలకు వాలునట్లు నేల పఱచిరి. మేడమీది నీరు దిగుటకు కాల్చిన మట్టిగొట్టములుండెను. వీథికాలువలను ఇటుకలతోను ఱాతిపలకలతోను కప్పి, మడ్డి దిగుటకు నడుమనడుమ గుంటలుంచిరి. ఈ గదుల నింటిలో నేమూలను కట్టిరో చూడుడు: సాధారణముగా వీథివైపు గోడ కానించి. ఏలన, ఆ గోడ కవతల కాలువ యున్నది. యజమానుని యిష్టముకంటె, పురోహితుని మాటకంటె, కాలువయే గది చోటును నిర్ణయించినది. మా యింట జరిగిన పనిలో నీ సంగతి మరల వచ్చును, చదువరులు గుర్తుంచుకొనవలెను.

ప్లంబరను మాట పుట్టినది రోమునందు. లాటినుభాషలో ప్లంబమనగా సీసము. రసాయనశాస్త్రమున నేటికిని సీసమునకు గుర్తు పీబీయే. ఱాతికాలువలమీద దూరపు కొండలనుండి తెచ్చిన నీటిని, సీసపురేకులను చుట్టి యతికిన గొట్టములతో నిండ్లకును స్నానశాలలకును పంచిరి. ఆ సీసపుపనివాడే ప్లంబరు. క్రీ. శ. 97లో రోముపట్టణపు నీటియధికారిగా నియుక్తుడైన ఫ్రాంటినసు తన గ్రంథమున గొట్టముల కొలతలను వివరించుటయే కాక, పనివారు రహస్యముగా గొట్టములకు బెజ్జములు పెట్టి నీరమ్ముకొనుచున్నారని మొఱపెట్టుకొనెను. కుళాయిపనివానిమీద ఫిర్యాదు పందొమ్మిదివందల యేండ్ల పాతదన్నమాట.

ఇంగ్లండున ఎలిజబెత్తు రాణి యాస్థానికుడైన సర్ జాన్ హారింగ్టను, పైనున్న తొట్టి నీటిని ఒక్కమాఱు విడిచి మలమును కడిగివేయు యంత్రమును వర్ణించి 1596లో పుస్తకము ప్రకటించెను. రాణికొఱకు రిచ్మండు నగరిలో నొకటి యమర్చిరి. జనులు పుస్తకమును చదివి నవ్విరి. యంత్రము జోలికి పోలేదు. నీరు మోసి తొట్టి నింపవలెను. క్రిందికి పోయినది గుంటలో నిలిచి దాని కంపు వచ్చిన దారినే పైకి వచ్చును. ఈ కంపునకు విరుగుడు కనిపెట్టినవాడు వైద్యుడు కాడు, గడియారములు చేయు పనివాడు. అతని పేరు అలెగ్జాండరు కమ్మింగు. 1775లో నతడు పేటెంటు పొందిన యేర్పాటునందు, పీటక్రింది గొట్టము కొంగమెడవలె వంగి లేచి మరల క్రిందికి దిగును. ఆ వంపులో కొన్ని నీళ్లు నిలిచియుండును. పైనుండి వచ్చినది ఆ నీటిని త్రోసికొని పోవును. క్రిందినుండి వచ్చు గాలి దానిని దాటజాలదు. ఇంతకంటె నందు విద్య లేదు. కదలు మర లేదు, తుప్పుపట్టు తలుపు లేదు, నీరే తలుపు. రెండువందల యేబది యేండ్లు గడచినను దీనిని త్రోసివేయగల కల్పన రాలేదు. నేడు మన గదులలో నించుమించు రెండంగుళముల లోతున నిలుచు నీరదియే. ఈ వంపు పుట్టినదినమే మరుగుదొడ్డి యింటిలోనికి వచ్చుటకు యోగ్యత కలిగినదని మేమనుకొందుము.

యోగ్యత కలిగినంతమాత్రమున క్షేమము కలుగలేదు. లండనులోని ధనికులిట్టి పీటలను అమర్పించుకొని వాని గొట్టములను ముందు గుంటలలోనికి, ఆ గుంటలు పొర్లినపిమ్మట వాననీటి కాలువలలోనికి విడిచిరి. ఆ కాలువలు థేమ్సునదిలో పడును. ఆ నదినీటినే కంపెనీలు తోడి మరల నింటింటికి అమ్మును. 1848-49లో వచ్చిన కలరాకు లండనున సుమారు 14,000 మంది బలియైరి. 1854లో జాన్ స్నో అను వైద్యుడు బ్రాడ్ వీథిలోని చేతిపంపుచుట్టు నెందఱు చచ్చిరో లెక్కించి, రోగము గాలిలో కాదు నీటిలో నున్నదని చూపెను; పెద్దలు నమ్మలేదు. 1858 వేసవిలో నదికంపు పార్లమెంటు సభలోనికి వచ్చెను. కిటికీతెరలను సున్నపు క్లోరైడులో తడిపి వ్రేలాడగట్టిరి, ప్రయోజనము లేకపోయెను. బీదలపేటలు పదియేండ్లు మొత్తుకొన్నను కదలనివారు తమ ముక్కులకు సోకగానే కొన్నివారములలో చట్టము చేసిరి. జోసెఫు బాజల్‌జెట్టు అను నింజనీరు నదికిరుప్రక్కల మహాకాలువలను త్రవ్వించి మురుగును పట్టణము దిగువకు మఱలించెను. ఇంటిలోని పీటను ఆరడుగులు జరుపుట యొకని పని. అది చేరుచోటును జరుపుట పట్టణమందఱి పని. ఈ రెంటిలో మొదటిది ముందు చేసి రెండవది మఱచిన దేశములన్నియు లండనువలెనే దుఃఖపడినవి.

తరువాత ప్లంబరుల వంతు వచ్చెను. 1871లో వేల్సురాజకుమారుడు స్కార్బరోలో నొక ప్రభువునింట బసచేసి వచ్చి టైఫాయిడుజ్వరమున పడెను. అదే యింట బసచేసిన చెస్టర్‌ఫీల్డు ప్రభువును, రాజకుమారుని గుఱ్ఱపువాడొకడును మరణించిరి. రాజకుమారుడు చావు తప్పి బ్రదికెను. ఆ యింటి గొట్టములలోనుండి వచ్చిన మురుగుగాలియే కారణమని లోకము నిశ్చయించెను. కారణము సరియైనది కాదు. టైఫాయిడుక్రిమిని 1880లో కనుగొనిరి, అది గాలిలో రాదు. కాని తప్పు కారణమువలన మంచి పని జరిగెను. దొరల మేడలలో నేలలు త్రవ్వి చూడగా, కలియని గొట్టములు, ఏ కాలువకును చేరని గొట్టములు, ఎదురువాలు గొట్టములు బయటపడినవి. అతుకులు కాఱుచున్నవో లేదో తెలిసికొనుటకు మేడమీది గొట్టములో పుదీనాతైలమును వేడినీటితో పోసి తలుపులు మూసి, క్రిందిగదులలో నెక్కడ వాసన వచ్చునో మూర్కొని చూచెడివారు. తైలము పోసినవాడు మాత్రము క్రిందికి రాగూడదు. అతని బట్టలే వాసనకొట్టును. 1611లో రాజశాసనము పొందిన లండను ప్లంబరుల సంఘము 1886లో, శిక్షితులైన పనివారి పేర్లను నమోదుచేయు పద్ధతిని ప్రారంభించెను. గొట్టము మోయువాడు మనుష్యుల ప్రాణములను మోయుచున్నాడను మాట ఆ దేశమున నాటికి ప్రభువులకు తలకెక్కెను.

మన దేశమున నదే కాలమున సంగతి యెట్లుండెనో గాంధీగారి యాత్మకథవలన తెలియును. 1896లో బొంబాయిలో మహామారి పుట్టగా, రాజకోటలో మరుగుదొడ్లను తనిఖీచేయు సంఘమున నాయన చేరి యింటింటికి పోయెను. బీదవారు తలుపులు తెఱచిరి. పెద్దయిండ్లవారిలో కొందఱు తెఱవనేలేదు. తెఱచిన పెద్దయిండ్లలో చీకటి, కంపు, పురుగులు. అంటరానివారి పేటకు పోగా, మాకు దొడ్లెక్కడివి, అవి మీవంటి పెద్దలకు గాని యని వారు చెప్పిరట. వారి గుడిసెలు అలికి ముగ్గుపెట్టినట్లు శుభ్రముగానుండెను. పిదప దర్బానులో నాయన కాపురమున్న యిల్లు పాశ్చాత్యరీతిని కట్టినది. గదులకు నీటితూములు లేవు, రాత్రికై గదికొక పాత్రయుంచెడివారు. పంచముల కడుపున పుట్టిన గుమాస్తా వాడిన పాత్ర నెత్తుటకు కస్తూరిబా కన్నీరు పెట్టుకొనగా, ఆయన కోపించి యామెను గుమ్మమువఱకు ఈడ్చికొనిపోయిన ఘట్టమును తానే సిగ్గుతో వ్రాసికొనెను. పాత్ర పడకగదిలోనికి వచ్చెను గాని, దాని నెత్తుట యెవరివంతు అను ప్రశ్న పెరటిలోననే యుండిపోయెను. ఆ ప్రశ్నకు గాంధీగారి జవాబు తాను స్వయముగా నెత్తుట. భార్యచేత బలవంతముగా నెత్తించుట జవాబు కాదని యాయనయే తరువాత నొప్పుకొనెను.

తెలుగునేలమీద భూగర్భపు మురుగుకాలువలను మొదట ఆలోచించిన నగరములలో హైదరాబాదు ముఖ్యము. 1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీనది పొంగి వేలజనులను పొట్టబెట్టుకొన్న పిదప, నిజాము ప్రభుత్వము మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. ఆయన వరదనాపుటకు జలాశయములనే కాక, నగరమునకు మురుగుకాలువలను గూడ నిర్ణయించి యిచ్చెను. కాలువలు లేని యూళ్లకు సెప్టిక్కు తొట్టి దిక్కయ్యెను. గాలి చొరని తొట్టిలో మలమును నిలువయుంచినచో నందలి క్రిములే దానిని కరగించునని, 1895 ప్రాంతమున ఎక్సెటరు పట్టణపు సర్వేయరు డొనాల్డు కామరూను తొట్టి కట్టి చూపి దానికా పేరు పెట్టెను. మా యింటి పెరటిలోనిదియు నట్టి తొట్టియే.

ఇక మా యింటి పని. పది దినముల వాదము పిమ్మట, డాక్టరుగారి మాట మన్నించి మా తల్లిగారు మౌనము వహించిరి. దానినే సమ్మతిగా తీసికొని మేమొక ప్లంబరును పిలిచితిమి. అతడు దేనికిని కాదనలేదు. ఎక్కడ పెట్టమన్న నక్కడ పెట్టుదుననెను. మేమును ధర తక్కువయని సంతోషించితిమి. స్నానపుగదిలో తలుపున కెదురుగా, అనగా దేవునిగది గోడప్రక్కనే, కమోడు నిలిపి, నేల పగులగొట్టి గొట్టము పఱచి, సాయంకాలమునకు సిమెంటు పూసి వెడలెను. పదునైదు దినములు తిరుగకమున్నే గొట్టములో గుడగుడమను చప్పుడు, నీరు విడిచినపుడు కొంగమెడలోని నీరంతయు పీల్చుకొనిపోయి బోసిగా నిలుచుట, తరువాత కంపు. ఆ కంపు ముందుగా చేరినది దేవునిగదికి. మా తల్లిగారు మమ్మొక్కమాటయు ననలేదు. చేతికఱ్ఱ పట్టుకొని, కోడలి భుజముమీద చేయివేసి, మరల నలువది యడుగులు నడచి పెరటికి పోసాగిరి. అవి మాకు మిక్కిలి సిగ్గుతో గడచిన దినములు. వాదమున మేము గెలిచినమాటయే. చేతిపని చెడి యోడిపోయితిమి.

రెండవసారి వచ్చినవాడు ఒరిస్సావాడు. కేంద్రపడా జిల్లాలోని పట్టముండై ప్రాంతమువాడు. భారతదేశమున నేపట్టణమునకు పోయినను ఆ ప్రాంతపు ప్లంబరులు కనబడుదురు. కలకత్తాలో పని నేర్చిన ముందుతరమువారి వెంబడి వీరును బయలుదేఱిరి. మా తల్లిగారు మంచముమీదనుండియే, "మీరేవిట్లు బాబూ?" అని కులమడిగిరి. అతడు నవ్వి, వచ్చీరాని తెలుగున, "మా ఊళ్లో అందరం ఇదే పని అమ్మా" అనెను. అతడు కమోడును చూడకముందే పెరటికి పోయి తొట్టిమూత తీయించి, గొట్టము చేరు బెజ్జమెంత లోతున నున్నదో కొలిచెను. తరువాత నీరు నింపిన పలుచని రబ్బరుగొట్టము నొక చివర మా చేతికిచ్చి, రెండవ చివర స్నానపుగదిలో పట్టుకొని, రెండువైపుల నీటిమట్టమును గోడపై గీటుపెట్టెను. దేవునిగది గోడనుండి తొట్టికి ముప్పది యడుగులు. నాలుగంగుళముల గొట్టమునకు నలువది కొకటి చొప్పున వాలుండవలెను. ముప్పది యడుగులకు తొమ్మిదంగుళములు. మా యింట చిక్కినది ఏడంగుళములే. వాలు తక్కువైనచో మలము నిలుచును. మునుపటివాడు గొట్టమును కొంతదూరము చదునుగా పఱచి, తుదకు వచ్చి లోతునకు దించెను. గాలిగొట్టము అసలే పెట్టలేదు. అందుచేతనే కొంగమెడలోని నీటిని పీల్చుకొనిపోయినది. ఈ నలువది కొకటి యను లెక్కను డబ్లినుపట్టణపు మాగ్వైరను నింజనీరు పేర మాగ్వైరు సూత్రమందురు. గొట్టపు వెడల్పు అంగుళములను పదిరెట్లు చేసిన వాలు తేలును. మా పనివానికి మాగ్వైరు పేరు తెలియదు, లెక్క తెలియును.

అతడు చెప్పిన దిది: కమోడును ఎనిమిదడుగులు జరిపి బయటిగోడ కానించినచో నిరువదిరెండడుగులకు ఆఱున్నర యంగుళముల పైచిల్లర చాలును, ఏడున్నవి. పైగా గాలిగొట్టమును బయటిగోడ వెంబడి కప్పుపైకి తీసికొనిపోవచ్చును. అనగా దేవునిగది గోడను విడిచి, మొహెంజొదారోవారు పెట్టినచోటనే పెట్టవలెను! మా తల్లిగారి యాచారమును, మా యన్నగారి వాస్తువును, మా గ్రంథపరిశోధనమును తేల్చలేని వ్యాజ్యమును రబ్బరుగొట్టము తేల్చినది. మూడుదినములు పని చేసెను. సిమెంటు పూయుటకుముందు గొట్టము చివర మూసి, నిండ నీరు పోసి, రాత్రియంతయు నుంచి తెల్లవాఱి మట్టము చూచెను, వెండ్రుకవాసియు తగ్గలేదు. ధర మొదటివానికంటె రెండింతలు. దొడ్డిలో డబ్బు మిగుల్చుకొనవలెనని చూచు గృహస్థులకు మా యనుభవము చెప్పుటకే యింత వివరించితిమి.

పాతగదిని పడగొట్టించునపుడు దాని వెనుకగోడ యడుగున, సందువైపునకు, అడుగున్నర చదరపు కంత బయటపడినది; ఱేకుపలకతో మూసియున్నది. సెప్టిక్కు తొట్టి కట్టకముందు, 1974 వఱకు, పాకీపనికి వచ్చు మనిషి వీథిగుమ్మము త్రొక్కకుండ సందులోనుండి యాకంతలో చేయిపెట్టి తట్ట లాగుకొనిపోయెడిది. మనుష్యులచేత మలమెత్తించుటను, అట్టి దొడ్లు కట్టుటను నిషేధించు చట్టము 1993లో పుట్టెను. అది మొదట వర్తించిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశమొకటి. అమలునకు వచ్చుసరికి 1997 అయ్యెను. మఱింత గట్టి చట్టము 2013లో వచ్చెను. కోలారు బంగారుగనులలో పాకీపనివారి కుటుంబమున పుట్టిన తెలుగువాడు బెజవాడ విల్సనుగారు, ఎస్. ఆర్. శంకరన్‌గారివంటి యధికారుల తోడ్పాటుతో దీనికై దేశమంతట పోరాడి, 2016లో మెగసేసే పురస్కారము నందుకొనిరి. 2014 మార్చి 27న సుప్రీముకోర్టు, 1993 తరువాత మురుగుకాలువలలో దిగి మరణించిన ప్రతివాని కుటుంబమునకు పదిలక్షల రూపాయలియ్యవలెనని తీర్పు చెప్పెను. 2023లో దానిని ముప్పదిలక్షలు చేసెను. మొత్తము పెరిగినదనగా చావులు ఆగలేదనియే యర్థము. ఇంటిలోని గొట్టములకు నలువది కొకటి వాలు లెక్కించు చేతులు కలవు. వీథిక్రింది గొట్టము పూడినపుడు త్రాడు కట్టి మనుష్యునే దించుచున్నారు.

ఆ కంతలో చేయిపెట్టిన యామె పేరేమని మా తల్లిగారి నడిగితిమి. పెండ్లియై కాపురమునకు వచ్చిన నాటినుండి యామెను ఎఱుగుదురట. పండుగలకు పాతచీర, కాన్పులనాడు రూపాయి యిచ్చెడివారట. పేరు మాత్రము చెప్పలేకపోయిరి. "పిలవవలసిన పని ఉండేది కాదురా, తనే వచ్చేది" అనిరి. మేస్త్రి వచ్చి, గోడయంతయు పడగొట్టుదునా, కంత యొక్కటియే మూయుదునా యని యడిగెను. మూయుమంటిమి. ఇరువదినాలుగు ఇటుకలు పట్టినవి.